సగం కుట్టిన బొంతతో జహీరాబాద్‌కు

జహీరాబాద్ చూడ్డానికి ఎవరూ వెళ్ళరు, దాని మీదుగా వెళతారు. హైదరాబాద్ నుంచి బొంబాయి పోయే రోడ్డులో ఒక పెద్ద ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, చెరకు లారీలు, అల్లం మూటలు కిటికీలోంచి కనిపిస్తాయి, అంతలో ఊరు అయిపోతుంది. నేను అక్కడికి బయలుదేరుతున్నానంటే రాజమండ్రిలో మా పక్కింటావిడ, "అక్కడ ఏ గుడి ఉందండీ?" అని అడిగింది. గుడి లేదండీ, ఒక బొంత తీసుకెళ్ళి చూపించి రావాలన్నాను. ఆవిడకు నా ఆరోగ్యం మీద అనుమానం వచ్చినట్టుంది.

మా నాన్నది గోదావరి పక్క. కుర్రతనంలో జహీరాబాద్ వైపు ఉద్యోగానికి వెళ్ళి, రాయికోడ్ అవతల ఒక చిన్న ఊళ్ళో అమ్మను పెళ్ళి చేసుకుని వచ్చాడు. అందుకే మా వీధి పిల్లలందరికీ అమ్మమ్మలుంటే నాకు మాత్రం అవ్వ ఉండేది. అమ్మ చనిపోయిన ఏడాది అవ్వను నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఆరేళ్ళు ఉంది. మొన్న శ్రావణంలో వెళ్ళిపోయింది.

వెళ్ళేముందు ఒక బొంత మొదలుపెట్టింది. అమ్మవి, నావి, తనవి పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, ఎర్రదారంతో చేత్తో కుట్టింది. సరిగ్గా సగం దాకా వచ్చి ఆపేసింది. చూపు ఆనక మానేసిందనుకున్నాను. కర్మకాండలన్నీ అయ్యాక మా వీధి చివర దర్జీకి ఇస్తే ఒక్క మధ్యాహ్నంలో మిగతా సగం మిషన్ మీద కుట్టి రెండువందల యాభై తీసుకున్నాడు. మంచి పని చేశాననుకున్నాను. అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. ఆమెకోసారి చూపించి, ఆమె చేయి తగిలించి, తిరిగి తెచ్చుకుని దాచుకోవాలని నా ఆలోచన.

ఇంకో పని కూడా ఉంది. అది బొంత కంటే బరువు. అవ్వ చివరి రెండేళ్ళూ చెల్లెలి దగ్గరికి తీసుకెళ్ళమని నన్ను అడిగింది. నేను సర్కారు గుమస్తాను, వాయిదా వేయడం చేతికి అలవాటైన పని. ఎండలు తగ్గాక అన్నాను, ఆడిట్ అయ్యాక అన్నాను. అవ్వకు చెవులు సరిగా వినపడవు కాబట్టి ఫోనులో ఇటు మాట అటు చెప్పేది నేనే. చిన్నవ్వ "అక్క ఎప్పుడొస్తది?" అని అడిగిన ప్రతిసారీ, "అవ్వకే ఓపిక లేదంటోంది" అని చెప్పాను. అబద్ధం. అది ఆమె ఎదుట ఒప్పుకోవాలని మూడు రోజులు సెలవు పెట్టాను.

చిరాగ్‌పల్లి, దిగాల్సిన ఊరు దాటాక

హైదరాబాద్‌లో కర్ణాటక బస్సు ఎక్కి, బొంత మూట ఒళ్ళో పెట్టుకుని, దాని మీదే తల వాల్చి నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి జహీరాబాద్ వెనక్కి వెళ్ళిపోయింది. కండక్టర్ కన్నడంలో నాలుగు మాటలని చిరాగ్‌పల్లిలో దించేశాడు. ఇంకాస్త నిద్రపోతే రాష్ట్రమే దాటేదాన్ని.

రోడ్డు పక్కన రేకుల కింద ఒకావిడ జొన్నరొట్టెలు చేస్తోంది. చేతుల మధ్య పిండిముద్ద తిప్పుతూ, పీట మీద చరుస్తూ, నా వంక చూడకుండానే అడిగింది.

"ఏడికి పోవాలె అక్కా?"

"జహీరాబాద్. నిద్రపోయాను."

"అయితే తిని పో. అది ఏడికి పోతది."

రొట్టె పదిహేను రూపాయలు. పుండికూర అని వాళ్ళు పిలిచే గోంగూర, పచ్చికారం, ఉల్లిగడ్డ ఎన్నిసార్లు వేసినా డబ్బు లేదు. మా గోదావరి పక్క రొట్టె అంటే మినపరొట్టె, అరచేతి మందాన ఉంటుంది. ఇది పల్చగా, పెద్ద పళ్ళెమంత. ఒకటి తినేసరికి నా దవడలు నొప్పెట్టాయి. నేను నములుతున్న తీరు చూసి ఆవిడ నవ్వింది.

"మా అత్తకు నోట్ల ఒక్క పన్ను లేదు. రోజూ రొట్టెనే తింటది. వేడిపాలల్ల జర సేపు నానబెడితే బువ్వ తీరుగ అయితది."

చివరి నెలలో అవ్వ జొన్నరొట్టె కావాలని అడిగింది. డాక్టరు మెత్తనివే పెట్టమన్నాడని జావ పోశాను. నాలుగు చెంచాలు తాగి తల తిప్పేసుకునేది. పాలలో నానబెట్టవచ్చని నాకు తట్టలేదు. ఎవరినైనా అడిగి ఉంటే చెప్పేవారు, చిన్నవ్వను అడిగి ఉంటే తప్పకుండా చెప్పేది. నేను అడగలేదు.

చేయి కడుక్కుని వచ్చేసరికి ఆవిడ నా మూట అంచు పట్టుకుని చూస్తోంది. "బొంతనా? ఎవరు కుట్టిన్రు?" అంది. మా అవ్వ అన్నాను. బొటనవేలితో కుట్ల మీద కొంతదూరం వెళ్ళి, ఒకచోట ఆగి, మళ్ళీ మూట సర్దేసింది. ఏదో అనబోయి మానుకుందని అప్పుడు నాకు అర్థం కాలేదు.

రాయికోడ్ బస్సులో

ఆటోలో వెనక్కి వచ్చి జహీరాబాద్ బస్టాండులో ఇరవై రూపాయల చెరకురసం తాగాను. అందులో అల్లం ముక్క వేసి తిప్పుతారు, గొంతు మండుతుంది కానీ బాగుంటుంది. రాయికోడ్ బస్సులో ఆడవాళ్ళందరూ ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్లు తీసుకుంటున్నారు. నేనూ దర్జాగా నా కార్డు తీశాను.

"మీది ఆంధ్ర ఆధార్ మేడం. పైసలు కట్టాలె." కండక్టర్ మూట వైపు చూశాడు. "గండ్ల ఏముంది?"

"బొంత."

"ఫికర్ లేదు. దానికి ఫ్రీ."

బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. పక్కన కూర్చున్న ముసలామె నా ఊరూ పేరూ అడిగి, ఎవరింటికో తెలుసుకుని, "ఓ, నీలమ్మ మనవరాలివా? మీ అవ్వ ఎల్లమాసకు వస్తదని గంగమ్మ రెండేండ్లు ఎదురుచూసింది గద" అంది. గంగమ్మ మా చిన్నవ్వ. ఎల్లమాస అంటే ఆ పక్క రైతుల పండగ. అమావాస్యనాడు ఇంటిల్లిపాదీ చేనుకు వెళ్ళి, ఆ కాలంలో దొరికే కూరలన్నీ కలిపి బజ్జి వండుకుని, అంబలితో అక్కడే కూర్చుని తింటారు. మా వైపు అలాంటిది లేదు. ఆ ఎల్లమాసకే తీసుకెళతానని నేను రెండుసార్లు అవ్వకు మాటిచ్చాను. దిగేదాకా కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చున్నాను.

చిన్నవ్వ వాకిలి

మా ఇళ్ళలో మనిషి పోయాక చుట్టం వస్తే కుర్చీ వేస్తాం, మంచినీళ్ళిస్తాం, "ఎలా జరిగిందండీ?" అని మెల్లగా అడుగుతాం. ఇక్కడ అలా కాదు. చావు తర్వాత మొదటిసారి వచ్చిన ఆడమనిషిని గడపలోనే పట్టుకుని గొంతెత్తి ఏడవాలి. నీళ్ళయినా ఆ తర్వాతే.

చిన్నవ్వ వాకిట్లో ఎండకు కూర్చుని ఉంది. ఎనభై దాటాయి, కళ్ళలో పొర కమ్మింది. ఆమె కోడలు మల్లమ్మత్త "సుజాత వచ్చింది" అని చెవిలో చెప్పగానే చేతులు చాపింది. నన్నూ మూటనూ కలిపి పట్టుకుని శోకం మొదలుపెట్టింది.

"నీ పాలు తీసిపెడితి గదనే అక్కా. ఎల్లమాస బజ్జి ముంతల తీసిపెడితి గదనే. ఏడాదికేడాది కుక్కలకేస్తినే నా అక్కా."

రాగం తీసి ఏడవడం నాకు రాదు. ఆమె భుజం మీద ముఖం పెట్టుకుని ఊరికే ఏడ్చాను. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ మల్లమ్మత్త నీళ్ళ చెంబు తెచ్చింది, ఇరుగుపొరుగు వచ్చారు, రేపు చెబుదాం అనుకున్నాను. నా అలవాటు నన్ను అక్కడ కూడా వదల్లేదు.

సాయంత్రం చిన్నవ్వే ఎత్తుకుంది. "ఆరేండ్ల కింద మా అక్క నీ ఎంబడి పోతుంటే నేను బయటికి రాలే. నా దగ్గర ఉండమంటే ఇనలేదని కోపమొచ్చింది. ఇంట్ల కూసొని తలుపేసుకున్న. గది మనసుల పెట్టుకొని నారాజ్ అయింది. అందుకే రాలే."

కాదని అనడానికి నోరు తెరిచాను. చిన్నవ్వ కొడుకు, మా మామ, చెరకు లారీ లోడు చేయించి అప్పుడే ఇంట్లోకి వచ్చాడు. మాట మారిపోయింది.

కుట్లు విప్పిన రోజు

రెండోరోజు పొద్దున బొంత విప్పి వాకిట్లో పరిచాను. చిన్నవ్వ చూపుతో చూడలేదు, రెండు చేతులూ పెట్టి తడుముకుంటూ వెళ్ళింది. "ఇది నా పెండ్లిల పెట్టిన చీర గదనే" అని ఒకచోట ఆగింది. ఇంకోచోట మా అమ్మ చీర మీద అరచేయి ఆనించి ఉంచింది. ముఖం వెలుగుతోంది. నడిమికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది. ఒకడుగు ముందుకు, ఒకడుగు వెనక్కి తడిమింది.

"ఇందాక మా అక్క. ఇక్కడికెల్లి ఎవరు?"

"దర్జీతో కుట్టించాను అవ్వా. పాపం ఆమెకు చూపు ఆనక సగంలో ఆపేసింది."

"చూపు ఆనక కాదు. నా సగం నాకు ఇడిసిపెట్టింది."

అప్పుడు చెప్పింది. వాళ్ళలో బొంత ఒక్కరు కుట్టరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, చెరో అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి వస్తారు. ఇద్దరి దారాలూ కలిసే చోట పొరల మధ్య ఒక రొట్టెముక్క పెట్టి మూస్తారు. దాన్ని బొంత కడుపు నింపడం అంటారు. ఆకలితో ఉన్న బొంత కప్పుకున్న ఇంట్లో ఆకలి పోదని వాళ్ళ నమ్మకం. అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచి ఊళ్ళో సగం ఇళ్ళకు అలా కుట్టిపెట్టారట.

"కడుపుల ఏం పెట్టినవ్?" అని అడిగింది.

"ఏమీ పెట్టలేదు."

"ఆకలితోనే మూసినవా?"

జావ గిన్నె ముందు తల తిప్పేసుకున్న అవ్వ కళ్ళ ముందు కనిపించింది. రొట్టె అడిగితే జావ పోశానని మాత్రం చెప్పాను.

మల్లమ్మత్త సగం బ్లేడు తెచ్చిచ్చింది. మిషన్ కుట్లు విప్పడం మొదలుపెట్టాను. దర్జీ గట్టిగా, దగ్గర దగ్గరగా కుట్టాడు. అతని పనిలో వంక లేదు, అదే నా కష్టం. ఒక వరుస విప్పడానికి అరగంట పట్టింది. నేను కోస్తుంటే చిన్నవ్వ దారం తునకలు ఏరి చీరకొంగులో వేసుకుంటోంది. మధ్యలో మామ చేను నుంచి పచ్చి జొన్నకంకులు తెచ్చి కాల్చి, నలిపి, ఊసబియ్యం చేసిచ్చాడు. పాలుగారే గింజలు, బెల్లంతో. మా వైపు ఎవరూ జొన్నను అలా తినరు. అవ్వ వీటి గురించి చెబుతుంటే నేను సెల్‌ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టినట్టు గుర్తు.

మధ్యాహ్నం దాటాక నడిమి వరుస ఊడింది. పొరల మధ్య వేలు పెట్టిన చిన్నవ్వ ఉలిక్కిపడి చేయి తీసింది. లోపల సూది ఉంది. తుప్పు పట్టింది. దానికి ఎర్రదారం ఎక్కించి, మూడు బారల పొడవున ఉండ చుట్టి, అవ్వ ఆఖరి కుట్టు పక్కనే జాగ్రత్తగా దోపి ఉంది. దర్జీ చూసుకోకుండా పైనుంచి కుట్టేశాడు.

ఆ దారం ఎక్కించింది నేనే. ఒకరోజు ఆఫీసుకు వెళ్ళే హడావుడిలో అవ్వ ఎదురొచ్చి, పొడుగు దారం ఎక్కించి ఇమ్మంది. ఇంత పొడుగెందుకు, చిక్కు పడుతుంది అన్నాను. "ఉండనీ" అంది. ఆ తర్వాత ఆమె బొంత ముందు కూర్చోగా నేను చూడలేదు.

చిన్నవ్వ సూదిని చెంపకు ఆనించుకుంది. "నాకు కండ్లు ఆనవు, దారం ఎక్కియ్యరాదని దానికి ఎరికే. అలిగిన మనిషి చెల్లెకు సూదిల దారం ఎక్కిచ్చి పెడ్తదా?" నా వైపు తిరిగింది. "మరి ఎందుకు రాలే బిడ్డ?"

ఇక వాయిదా వేయడానికి ఏమీ మిగల్లేదు.

"నేను తీసుకురాలేదు అవ్వా. రెండేళ్ళు అడిగింది. బట్టలు కూడా సర్దుకుంది రెండుసార్లు. ఓపిక లేదని తను ఎప్పుడూ అనలేదు. నేనే నీకు అలా చెప్పాను."

మల్లమ్మత్త చెరుగుతున్న చేట కింద పెట్టేసింది. చిన్నవ్వ తిట్టలేదు, ఏడవలేదు. "మల్లమ్మా, పిల్లకు అన్నం పెట్టు" అని, సూది కొంగున గుచ్చుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు మళ్ళీ నాతో మాట్లాడలేదు. తిడితే బాగుండునని ఆ సాయంత్రమంతా అనుకున్నాను.

రొట్టె

మూడోరోజు పొద్దున్నే వంటింట్లోంచి రొట్టె చరుస్తున్న చప్పుడు వినిపించింది. మల్లమ్మత్త అనుకుని వెళితే పొయ్యి ముందు చిన్నవ్వ ఉంది. ఏడాదిగా ఆమె పొయ్యి దగ్గరికి రాలేదట. రొట్టె ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా వచ్చింది. దాన్ని నిప్పుల పక్కన నిలబెట్టి గట్టిపడే దాకా ఎండబెట్టింది. తర్వాత బొంత దగ్గరికి నడిపించమని చేయి చాపింది.

రొట్టె విరిచి ఒక ముక్క నా చేతిలో పెట్టింది.

"నువ్వే పెట్టు. బతికుండంగ పెట్టకపోతివి."

అది శిక్షించడమో క్షమించడమో నాకు ఇప్పటికీ తెలియదు. అవ్వ ఆఖరి కుట్టు పక్కన, అమ్మ చీరకూ నా చీరకూ మధ్య, ఆ ముక్క పెట్టాను. నా చేయి లోపలే ఉంచేశాను. తీయాలనిపించలేదు. చిన్నవ్వ మెల్లగా నా మణికట్టు పట్టుకుని బయటికి తీసింది.

తుప్పు పోయేలా సూదిని రాయి మీద రుద్ది, అదే దారంతో, అక్క ఆపిన చోటు నుంచి కుట్టడం మొదలుపెట్టింది. నన్ను ఎదురుగా కూర్చోమంది. నాకు కుట్టడం రాదన్నాను.

"కుట్టమన్ననా? గా అంచు పట్టుకో."

పట్టుకుని కూర్చున్నాను. గంటకు జానెడు వరుస అయింది. వేలితో చోటు చూసుకోవడం, గుచ్చడం, దారం లాగడం, మళ్ళీ వెతుక్కోవడం. అవ్వ కూడా మా ఇంట్లో నన్ను ఇలాగే "జర ఎదురుంగ కూసో" అని పిలిచేది. కుట్టమని అనుకుని, నాకు రాదని తప్పించుకునేదాన్ని. ఆమె అడిగింది ఊరికే ఎదురుగా కూర్చోమని. అంతకన్నా ఏమీ అడగలేదు.

పన్నెండున్నర బస్సుకు వెళ్ళాలి. లేచి బొంత అంచు మడవబోయాను, మిగతాది ఇంటి దగ్గర చూసుకోవచ్చని. చిన్నవ్వ చేయి దాని మీద పడింది.

"మా అక్క రాలే. గిదన్న ఉండనీ."

మూడు రోజుల కిందట అయితే, అది నాదని వాదించేదాన్నేమో. మడత మళ్ళీ విప్పి ఆమె కాళ్ళ మీద కప్పాను. గడప దాటేటప్పుడు, "వచ్చే ఎల్లమాసకు వస్తాను అవ్వా" అన్నాను. ఆమె సూది చూసుకుంటూనే అంది.

"వస్త అని చెప్పకు. వస్తే రా."

తిరుగు బస్సు

అదే కండక్టర్. ఈసారి నేను కార్డు తీయకుండా డబ్బులే ఇచ్చాను. అతను నా ఒళ్ళోకి చూశాడు.

"బొంత ఏది మేడం? మర్చిపోయిన్రా?"

"లేదు, ఇచ్చేసి వచ్చాను. రెండేళ్ళ కిందటే తీసుకురావాల్సింది."

అతను చిల్లర ఇచ్చి ముందుకు వెళ్ళిపోయాడు. జహీరాబాద్ వచ్చేదాకా నిద్ర పట్టలేదు. తల ఆనించుకోవడానికి ఒళ్ళో ఏమీ లేదు.